ఇంక పిలువు

తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర దాకా
అమ్మను నేను అమ్మా అనకూడదు.
అది మా ఇంటి చట్టం.

చిత్తూరులో ఏడు గంటల పాలసముద్రం బస్సు ఎక్కేటప్పుడు అమ్మే.
కిటికీ పక్క సీట్లో నా రెండో జడకు రిబ్బను కట్టేటప్పుడూ అమ్మే.
దిగి, చెరుకుతోటల గట్టున మైలున్నర నడిచి,
బడి తాళం తీసి, మేకపెంటికలు చిమ్మి,
గంట (గంటంటే దూలానికి వేలాడే రైలుపట్టా ముక్క)
నా చేత మూడుసార్లు కొట్టించినాక
మొగిలీశ్వరి టీచర్.

హాజరు పట్టీలో నేను పదిహేడు.
పదహారు దొరస్వామి, పద్దెనిమిది సెల్వి.
నా పేరు దగ్గర ఆ గొంతు
రవ్వంతైనా మెత్తబడేది కాదు.
ఎక్కం తప్పితే అందరికీ ఒక దెబ్బ, నాకు రెండు.
"నీకు రాత్రి కూడా చెప్పింటిని కదా."

ఒకసారి గట్టు మీద నుంచి పడి మోకాలు చీరుకుపోయింది.
అమ్మా అని అరిచేసినాను.
బడంతా నా వైపు తిరిగింది.
కొంగు చించి కట్టు కట్టింది, ఏమీ అనలేదు.
దెబ్బ తగిలితే ఎవురైనా అట్లే కదా అరిచేది,
అట్లే అనుకునింది.
అనుకున్నట్టు ఉండిపోయింది.

సరిహద్దు ఊరది. పిల్లోళ్ళకు ఇంట్లో అరవం,
వీధిలో సగం సగం,
బడిలో నోరే రాదు.
మొదటిరోజు హాజరుకు సెల్వి "ఉళ్ళేన్" అనింది.
అందరూ నవ్వినారు. ముందు నవ్వింది నేనే.
మరుసటి దినం టీచర్
పట్టీలో లేని తన పేరు తానే చదువుకుని
"ఉళ్ళేన్" అని, తలెత్తకుండా
తరువాతి పేరుకు పోయింది.

సెల్వికి బ వొచ్చు, భ రాదు.
వాడేసిన బస్సు టిక్కెట్టు ఆ పిల్ల నోటి ముందర పట్టుకుని
"బ అంటే కదలకూడదు, భ అంటే ఎగరాల" అనేది.
మూడు వారాలు.
మధ్యాన్నం అన్నం గిన్నె మూత తీయకుండా.
ఆ గిన్నెలో నా వంతు సంగటి కూడా ఉండేది.
ఆకలి కన్నా ముందు నాకు తెలిసింది ఆ కుళ్ళు.

నాయన బెల్లం మండీలో కాటా పట్టేవాడంట.
నాకు ఆయన మొగం కంటే ఆ వాసనే గుర్తు.
ఇద్దరి పనీ ఒక్కతే చేసింది.
మూడో పని కూడా ఉందని
నాకు చానా కాలం కోపం.

నాలుగున్నరకు తాళం వేసి
బోరింగు కాడ చేతులు కడుక్కునేది.
గోళ్ళ సందుల్లో సుద్ద పోయేదాకా.
తడి చెయ్యి నా నెత్తిన పెట్టి
"ఇంక పిలువు" అనేది.
దోవంతా పిలిచేదాన్ని, పని లేకపోయినా.

నేను టీచర్ను కాలేదు.
పలమనేరులో పాలకేంద్రం లెక్కలు రాస్తాను.

పోయిన ఆషాఢంలో, తిరుపతి రుయాలో,
గొట్టాలు తీసేసి డాక్టరు పక్కకు జరిగినాక
నమ్మకం కుదరక
బ్యాగులో చెయ్యి పెడితే టిక్కెట్టు దొరికింది.
పెదాల ముందర పట్టుకున్నాను.
బ లేదు, భ లేదు.

గోడ గడియారంలో పదకొండుంబావు.
బడి టైము.

మిట్టూరు ఇంటికి తెచ్చేసరికి రెండు దాటింది.
దొరస్వామి లారీ ఆపుకుని వచ్చినాడు, చెప్పులు బయటే విడిచి
వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడినాడు.
పుత్తూరు నుంచి సెల్వి వచ్చింది.
"అంగడికి భారతి జిరాక్స్ అని పేరెందుకు పెట్టినానో తెలుసునా" అని
నన్నడిగి, తానే ఏడ్చేసింది.
భ లో ఊపిరి నా చెంపకు తగిలింది.

కూతురికి కంట నీరే రాలేదేమని
వరండాలో ఎవరో గుసగుసలాడినారు.
నేను గడియారం చూస్తా ఉన్నాను.

నాలుగున్నర అయింది.
పోయి చేతులు కడుక్కుని వచ్చి
తలాపున కూర్చున్నాను.

అమ్మా.